ప్రవరుడు విన్న చప్పుడు

ఈ వారం ఒక గైడు నాకు కోపం తెప్పించింది. డిగ్రీ పరీక్షకు చదువుకుంటున్న పక్కింటి అమ్మాయి పట్టుకొచ్చింది. అందులో ఉన్నది పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయాన్ని చూసే పద్యం. కవి ప్రకృతి సౌందర్యాన్ని అద్భుతంగా వర్ణించాడని ఒక వాక్యం, ఆ కింద అలంకారం పేరు, గణవిభజన. విశ్లేషణ అయిపోయింది!

"ఇది రాస్తే మార్కులొస్తాయి కదా మాస్టారూ?" అంది. వస్తాయి. నా బాధంతా అదే.

ఈ శీర్షిక చదివేవారికి నా పాత పట్టుదల తెలుసు. అలంకారం పేరు చెబితే విశ్లేషణ కాదు. పద్యాన్ని ముందు గొంతెత్తి చదవాలి, తర్వాత అందులో ఎవరికెంత చోటు దక్కిందో చూడాలి. ఆ అమ్మాయి చేత అదే చేయించాను. అది చంపకమాల. పాదానికి 21 అక్షరాలు, మొత్తం 84. ఎవరు వెళ్లారు, ఏం చేశారు అన్నది మొదటి పాదం సగంలోనే తేలిపోతుంది. పదకొండో అక్షరం దగ్గర, సరిగ్గా యతిస్థానంలో, ప్రవరుణ్ణి చెప్పే బ్రాహ్మణుడనే మాట చివరి అక్షరం ఆకాశమనే మాటతో సంధి కలుస్తుంది. అక్కడి నుంచి పద్యంలో మనిషి లేడు. మిన్నంటే శిఖరాలు, వాటి మీద నుంచి దూకే ఏళ్లు, ఆ అలల మద్దెల మోతకు పురివిప్పి ఆడే నెమళ్లు, ఆడయేనుగుల తొండాలు తగిలి ఊగే చెట్లు. ఊపిరి తీసుకోనివ్వని సమాసాలన్నీ దాటాక చిట్టచివర కొండ. చూసినవాడికి పట్టుమని పదకొండు అక్షరాలు, మిగతాదంతా కొండదే. "అందం చెప్పడం కాదమ్మా, కొండ ముందు మనిషి ఎంతటివాడో పెద్దన కొలిచి చూపించాడు" అన్నాను.

ప్రకృతి ముందు మనిషి అన్న ఆ మాటకే ఆ రాత్రి మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆమె మెట్టినిల్లు నాగాయలంక దగ్గర. 1977 నవంబరు 19న దివిసీమను ముంచేసి వేలమందిని పొట్టన పెట్టుకున్న ఉప్పెన నుంచి బతికి బయటపడ్డ మనిషి. ఎవరు కదిపినా అల ఎంత ఎత్తున వచ్చిందో చెప్పేది కాదు. ఆ హోరు గురించే చెప్పేది. "వింటూనే ఉన్నాంరా. గాలేగా అనుకున్నాం." గాలివాన ఆ ఊరికి కొత్త కాదు. అందుకే గాలికి చెయ్యాల్సినవన్నీ చేశారు. తలుపులకు గడియలు బిగించారు, గొడ్లు బెదిరి పారిపోకుండా పలుపులు గట్టిగా కట్టారు, దీపం ఆరకుండా గూట్లో పెట్టారు. కాసేపటికి గడప కింద నుంచి నీళ్లు లోపలికొచ్చాయి. వాననీరే అనుకున్నారు. చిందిన నీళ్లు పెదవుల మీద పడితే ఉప్పగా తగిలాయట. అప్పుడు తెలిసింది, వచ్చింది సముద్రమని. పలుపులు విప్పడానికి వ్యవధి లేకపోయింది. విప్పి ఉంటే ఒక్క గొడ్డయినా ఈదుకుంటూ ఒడ్డున పడేదేమోనని పోయేదాకా అంటూనే ఉంది.

ఆ మాట మనసులో మెదులుతుండగానే మనుచరిత్ర మళ్లీ తీశాను. కొండను చూసి మురిసిపోయిన ప్రవరుడు కొన్ని పద్యాల తర్వాత ఇంటిదారి పట్టాలనుకుంటాడు. ఆ పద్యం మత్తేభం. ఈ కొండ మహిమ లెక్కించడం బ్రహ్మ వల్ల కూడా కాదంటాడు. తక్కిన వింతలు రేపు వచ్చి చూస్తానంటాడు. ఎందుకంటే మధ్యాహ్నమైంది. ఎలా తెలిసింది? ఎండకు కాగిన సూర్యకాంత శిలల మీద మంచు కరుగుతూ చేసే చప్పుడు విని.

ఆ చప్పుడు దగ్గర ఆగాలి. అతన్ని అక్కడికి చేర్చింది ఒక సిద్ధుడిచ్చిన పాదలేపం. దాన్ని కరిగించి పోగొట్టబోయేది మంచే. అంటే తనను ఇంటికి దూరం చెయ్యబోతున్న దాని చప్పుడే ప్రవరుడు విన్నాడు, విని వేళ తెలిసిందనుకున్నాడు. శాపం లేదు, రాక్షసుడు లేడు. మంచుకు అతని మీద పగా లేదు. రోజూలాగే పొద్దెక్కింది, మంచు కరిగింది. రేపు మళ్లీ వస్తానన్నవాడికి ఈ రోజు వెళ్లే దారే లేకుండా పోయింది.

కాబట్టి ప్రకృతి బలం ఎక్కడుందని అడిగితే నేను ఆ 84 అక్షరాల గంభీరమైన పద్యాన్ని చూపించను. ఆ అమ్మాయితో కాదన్నాను గానీ, అది నిజంగా అందం చెప్పే పద్యమే. అలా ఉండటమే న్యాయం. ఆ అందమే ప్రవరుణ్ణి మధ్యాహ్నం దాకా అక్కడ నిలబెట్టింది. బలం మత్తేభంలోని ఆ చిన్న చప్పుడులో ఉంది. గైడు సౌందర్యమన్నందుకు తప్పు పట్టను, అక్కడితో ఆగిపోయినందుకు పడతాను. మొదటి పద్యాన్ని మాత్రమే తెంపి పాఠంగా పెడితే పిల్లలకు కొండ దక్కుతుంది, కథ దక్కదు.

తెలుగు చెప్పే మాస్టార్లకు నాదొక్కటే విన్నపం. ఈ రెండు పద్యాలూ కలిపి చెప్పండి. ఛందస్సు అడగండి, అలంకారమూ అడగండి. వాటితోపాటు ప్రవరుడు ఏం విన్నాడు, విని ఏమనుకున్నాడు అని కూడా అడగండి. ప్రకృతి ముందు మనిషి ఓడిపోయే పద్యాల్లో కొండ ఎత్తు కొలవడం తేలిక. అతను ఏ చప్పుడును ఏమనుకున్నాడో పట్టుకోవడమే చదవడం.