స్టేషన్ రైటర్ కలం

మిర్చి టిక్కీలు అమ్మిన సొమ్ము పోగొట్టుకున్న రైతు గుంటూరులో పోలీస్ స్టేషన్ మెట్లెక్కితే, అతనికి న్యాయం మొదట ఎదురయ్యేది రైటర్ బల్ల దగ్గరే. “కూర్చోండి పెద్దాయనా, మంచినీళ్లు తాగి చెప్పండి” అంటాడు మంచి రైటర్. ఆకు చెత్త అంటకుండా పత్తి తీసే కూలి వేళ్ల నేర్పు అతని కలానిది. ఏడుపులోంచి తేదీ, వేళ, చోటు ఏరి రాస్తాడు. చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకుంటాడు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా చేతికిస్తాడు. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ కోరేది ఇదే. నేరం వేరే స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే.

శిక్ష వేసేది న్యాయమూర్తి. ఆయన తూచేది మాత్రం పోలీసులు కూడగట్టిన సాక్ష్యాన్ని. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను, నేరం రుజువు కాలేదంటూ 2014లో హైకోర్టు కొట్టేసింది. దర్యాప్తులో ఒక్కో అక్షరం బరువెంతో ఆ కుటుంబాలకు తెలుసు.

అందుకే దాచకుండా, కల్పించకుండా, విన్నది విన్నట్టు రాసే ఆ చేతికి నా నమస్కారం.