తిత్తి దగ్గర మనిషి

మిక్సీ మీద నా పగ ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఈ వారం ఇంకో మోటారు మీద కోపం వచ్చింది. టైడాలో రోడ్డు పక్కన కొలిమి కనబడితే ఆగాను. పాత లారీ కమాన్ పట్టీని కత్తిగా సాగగొడుతున్నారు. పట్టకారు కమ్మరిది, సమ్మెట ఆయన భార్యది. కిరండూల్ రైలు లైను ఇనుపరాయి వ్యాగన్లు టైడా మీదుగానే విశాఖ రేవుకు దిగుతాయి. కమ్మరికి దక్కేది మాత్రం తుక్కు. అదలా ఉంచండి. నా ఒళ్లు మండింది పక్కనే చెవులు చిల్లులు పడేలా అరుస్తున్న కరెంటు బ్లోయరు మీద. తోలు తిత్తి ఏదయ్యా అంటే, "అది మా తాతలతోనే పోయింది బాబూ" అన్నాడు.

పోయిన తిత్తి మీద బెంగతో విక్టోరియా రాణి కాలంలోకి వెళ్లిపోయాను. ఈ కొండలు 1839 చట్టంతో ఏజెంటు పాలన కిందికి వచ్చాయి. ఏ దొర ఏలినా పోడుకు గొడ్డలి, బొరిగె కావాలి; ఇటుకల పండగ వేటకు బాణపు ములుకులు కావాలి. మన్యం కమ్మర్లు మైదానపు విశ్వబ్రాహ్మణులు కారు, వేరే తెగ. ఇప్పుడు షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నారు. అప్పట్లో పనికి ప్రతిఫలం పంట చేతికొచ్చాక చోళ్లో, సామలో.

అమెరికా కవి లాంగ్‌ఫెలో పల్లె కమ్మరి మీద రాసిన పద్యం (1840లో అచ్చయింది) బళ్లో బట్టీ పట్టినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. అందులో కమ్మరి కండలున్నాయి, చెమట ఉంది, చనిపోయిన భార్య తలపు ఉంది. తిత్తి పొద్దస్తమానం ఊదుతూనే ఉంటుంది. ఊదేదెవరో కవి చెప్పడు.

కొలిమిలో సగం విద్య ఆ ఊదడంలోనే ఉంది. గాలి చాలకపోతే ఇనుము ఎర్రబడి ఊరుకుంటుంది, అతుకు పడదు. మితిమీరితే తెల్లగా వెలిగి రవ్వలు చిమ్ముతుంది, ఇనుమే కాలిపోతోందన్నమాట. ఒక తిత్తి అణుగుతుంటే రెండోది లేవాలి, గాలి తెగకూడదు. అలా తెగకుండా చూసేది చాలా ఇళ్లలో కమ్మరి పెళ్లామో, పిల్లలో. కళ్లల్లో పొగ, ఒళ్లో చంటిబిడ్డ. గింజలు కొలిచేటప్పుడు మాత్రం అది కమ్మరి కష్టం.

చవక ఇంగ్లీషు ఇనుము మన ఉక్కును మింగేసిందని ఇక్కడే ఎన్నోసార్లు రాశాను. మళ్లీ రాస్తాను కూడా. అయితే నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఉక్కు తీయడం గురించి వాయిసీ అనే దొర రాసినది (1832లో అచ్చయింది) ఈసారి తిత్తుల కోసం తలుచుకున్నాను. పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన ఉక్కది. దానికోసం ఎవరో ఒకరు రాత్రీపగలూ వంతులేసుకుని ఊదాల్సిందే. వాళ్ల పేర్లు ఏ కత్తి మీదా లేవు.

అందుకని బ్లోయరు అరిస్తే అరవనీ. కరెంటు పోకుండా చూస్తే అదే పదివేలు. హస్తకళల ప్రదర్శనలో తోలు తిత్తి పెడతామంటే కాదనను. ఊదడానికి మాత్రం ఆ ఇంటి ఆడవాళ్లను పిలవకండి. చూడ్డానికొచ్చిన నాలాంటి పాతకాలపు పిచ్చోణ్ణి ఒకణ్ణి కూర్చోబెట్టి, ఒక్క గొడ్డలికి అతుకు పడేదాకా లేవనివ్వకండి.