శ్రోత పూరించిన పాఠం: ఆఫ్రికా మాధ్యమ పరిశోధనలో మౌఖికత – విమర్శనాత్మక పరిశీలన

ప్రవేశిక

మౌఖికం, లిఖితం, ముద్రితం, ప్రసారం అనేవి ఒకదాని తరువాత ఒకటిగా వచ్చే దశలని, కొత్తది ప్రవేశించగానే పాతది క్షీణిస్తుందని సాహిత్యచరిత్రలు సాధారణంగా భావిస్తాయి. ఆఫ్రికా సమాజాల్లో మాధ్యమాలపై జరిగిన పరిశోధన ఈ భావనకు గట్టి ప్రతిసాక్ష్యాన్ని అందించింది. అక్కడ రేడియో నోటిమాటలో కలిసిపోయింది. నవల బిగ్గరగా చదివే గొంతులోకి చేరింది. ఈ పరిశోధన నుంచి రూపుదిద్దుకున్న ముఖ్యసూత్రం ఒకటే: సందేశాన్ని పూర్తిచేసేది శ్రోత.

అల్జీరియా, కెన్యా, రువాండా దేశాలకు చెందిన మూడు సందర్భాల ఆధారంగా ఈ సూత్రం బలాన్నీ పరిమితినీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. శ్రోతను సృజనశీలిగా గుర్తించిన విమర్శ, ఆ సృజన హింసకు తోడైనపుడు శ్రోత బాధ్యతను ఎలా నిర్ణయిస్తుంది అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

అభివృద్ధి నమూనా – మౌఖికతకు దక్కిన స్థానం

ఆఫ్రికా దేశాలు స్వాతంత్ర్యం పొందుతున్న కాలంలోనే మాధ్యమ అధ్యయనం ఒక విద్యాశాఖగా స్థిరపడింది. డేనియల్ లెర్నర్ 1958లో వెలువరించిన గ్రంథం ఈజిప్టుతోపాటు టర్కీ, ఇరాన్ వంటి దేశాలను పరిశీలించి, సంప్రదాయ సమాజం ఆధునికం కావడంలో ప్రసారమాధ్యమాలది కీలకపాత్ర అని ప్రతిపాదించింది. విల్బర్ ష్రామ్ 1964లో ప్రచురించిన గ్రంథం మాధ్యమాలను జాతీయాభివృద్ధి సాధనాలుగా నిరూపించడానికి ప్రయత్నించింది. ఈ నమూనాలో మాట్లాడేది కేంద్రం, వినేది గ్రామం. నోటిమాటకు ఉన్న విలువ కేంద్రం సందేశాన్ని గ్రామానికి మోసుకుపోవడం వరకే.

దీనికి ప్రత్యామ్నాయంగా నైజీరియా పరిశోధకులు ఫ్రాంక్ ఉగ్బోఆజా ‘ఓరామీడియా’ అనే భావనను ముందుకు తెచ్చారు. సంత, పండుగ, దండోరా, డప్పు, కథాగానం వంటివన్నీ తమవైన నియమాలు గల మాధ్యమాలే అన్నది దీని సారాంశం. మౌఖిక రూపాలకు గౌరవస్థానం కల్పించడం ఈ భావన సాధించిన మేలు. అయితే జానపద మాధ్యమాలను ఒక వైపు, ఆధునిక మాధ్యమాలను మరొక వైపు నిలిపే విభజన ఇందులోనూ కొనసాగింది. ఆ విభజన నిలవదని చూపిన తొలి గొప్ప విశ్లేషణ విశ్వవిద్యాలయాల్లో కాక ఒక విముక్తిపోరాటం మధ్య పుట్టింది.

అల్జీరియా: వినిపించని ప్రసారం

ఫ్రాంజ్ ఫానన్ 1959లో అల్జీరియా విప్లవంపై ప్రచురించిన గ్రంథంలో ఒక అధ్యాయం పూర్తిగా రేడియో గురించినది. ఫ్రెంచి పాలనలోని అల్జీర్స్ రేడియోను స్థానిక కుటుంబాలు ఇంట్లోకి రానివ్వకపోవడానికి సామాజిక శాస్త్రవేత్తలు చెప్పిన కారణం కుటుంబమర్యాద: తండ్రీకూతుళ్లు కలిసి కూర్చుని వినలేని మాటలు, పాటలు అందులో వస్తాయని. ఈ వివరణ చాలదని ఫానన్ వాదించారు. ఆ రేడియో ఫ్రెంచివారు ఫ్రెంచివారితో మాట్లాడుకునే గొంతు కనుక అల్జీరియన్లు దానిని తమదిగా భావించలేదని ఆయన నిరూపించారు.

1956 చివర పోరాడే అల్జీరియా గొంతు ప్రసారాలు మొదలవుతున్నాయని, వాటి సమయాలను, తరంగాలను తెలిపే కరపత్రాలు వెలువడగానే పరిస్థితి తలకిందులైంది. ఇరవై రోజులు తిరగకముందే దుకాణాల్లోని రేడియోలన్నీ అమ్ముడుపోయాయని ఫానన్ రాశారు. మర్యాద కారణమే నిజమైతే ఇంత త్వరలో అది తొలగిపోవడం అసంభవం.

ఈ అధ్యాయంలో సాహిత్య విద్యార్థి నిలిచి చదవవలసిన భాగం తరువాతిది. ఫ్రెంచి సైన్యం ప్రసారాన్ని గరగర శబ్దంతో అడ్డుకునేది. గదిలో ఒకరు రేడియోకు చెవి ఆనించి, ముక్కలుగా అందిన మాటలను పట్టుకునేవారు. చుట్టూ ఉన్నవారు ఫలానా చోట జరిగిన పోరు గురించి ఏమైనా చెప్పారా అని అడిగేవారు. వినినవారు వినగలిగినంత చెప్పి, వినబడనిదానిని ఊహతో పూరించేవారు. ఒక్కొక్కసారి గొంతు అసలే వినిపించని రాత్రి కూడా, విన్నామన్న నిశ్చయంతోనే ఇళ్లకు వెళ్లేవారు. ఇక్కడ పాఠం రేడియోపెట్టెలో లేదు. అడిగినవారికీ చెప్పినవారికీ మధ్య అది తయారైంది. జానపద కథాప్రదర్శనలో కథకుడు, వంత, సభ కలిసి కథను నడిపే తీరుకూ దీనికీ నిర్మాణంలో భేదం స్వల్పం.

కాలిబాట రేడియో

ఫానన్ గమనించిన గదిలోని సంభాషణ స్వాతంత్ర్యానంతర నగరాల్లో వీధికి చేరింది. ఫ్రెంచి వాడుక గల ఆఫ్రికా దేశాల ప్రజలు దానికి ‘రేడియో త్రొత్వార్’, అంటే కాలిబాట రేడియో, అని పేరు పెట్టుకున్నారు. స్టీఫెన్ ఎల్లిస్ 1989లో ప్రచురించిన వ్యాసంలో దీనిని పుకారు అని తోసిపుచ్చకుండా, ప్రజావ్యవహారాలపై నగరజనం చేసే చర్చగా పరిశీలించారు. పత్రికలూ రేడియో కేంద్రమూ ప్రభుత్వం చేతిలో ఉన్న చోట అధికారంలో ఉన్నవారి సంపద, అనారోగ్యం, రహస్యాలు ఈ మార్గంలోనే ప్రయాణించాయి. మూలకర్త ఎవరో తెలియకపోవడం, చెప్పినకొద్దీ మారడం, జనానికి పట్టనిది దానంతటదే రాలిపోవడం ఈ వార్తల లక్షణాలు. ఇవి మౌఖిక సాహిత్యానికి చెప్పుకునే లక్షణాలే. డెబ్రా స్పిటుల్నిక్ జాంబియాలో చేసిన పరిశీలన దీనికి మరొక పార్శ్వం చేర్చింది. వ్యాఖ్యాతల పలుకుబడులు రేడియో నుంచి విడివడి, నిత్యసంభాషణలో సామెతల్లాగా చలామణి అవుతాయని ఆమె 1996లో చూపారు.

కెన్యా: మద్యశాలలో నవల

ముద్రణ విషయంలో ఇదే ప్రక్రియకు ప్రసిద్ధ ఉదాహరణ గూగీ వా థియోంగో రచన. కమిరీతు గ్రామస్థులతో కలిసి 1977లో గికూయు భాషలో ప్రదర్శించిన నాటకాన్ని ప్రభుత్వం కొద్ది వారాల్లోనే ఆపివేసింది. ఆ ఏడాది చివరి రోజున గూగీ నిర్బంధితులయ్యారు. జైలులో మరుగుదొడ్డి కాగితంపై రాసిన గికూయు నవల 1980లో అచ్చయింది. దానిని ఆయనే ఇంగ్లీషులోకి ‘డెవిల్ ఆన్ ది క్రాస్’గా అనువదించారు.

ఈ నవలకు కథకుడు గిచాండీ వాద్యకారుడు. గిచాండీ అంటే గుర్తులు చెక్కి, గింజలు నింపిన సొరబుర్ర. దానిని మోగిస్తూ గాయకులు పొడుపుపద్యాలతో పోటీపడతారు. పాడేవారి చేతిలోని వాద్యంపైనే ఒక విధమైన లిపి ఉండడం గమనార్హం. మౌఖికానికీ లిఖితానికీ మధ్య గీత గీసే సిద్ధాంతాన్ని ఆ సొరబుర్రే ప్రశ్నిస్తుంది. నవల పాఠకులను చేరిన తీరు కూడా అలాంటిదే. సాయంత్రం ఇంట్లో చదువు వచ్చినవారు చదవగా మిగిలినవారు విన్నారని, మధ్యాహ్న విరామంలో కార్మికులు, ప్రయాణాల్లో బస్సువారు విన్నారని గూగీ రాశారు. మద్యశాలలో చదివేవారు గ్లాసు ఖాళీ కాగానే ఉత్కంఠ గల చోట ఆపేవారట. శ్రోతలు మరొక గ్లాసు తెప్పించాక కథ సాగేదట. పురాణకాలక్షేపంలో ఒకరు చదవగా మరొకరు అర్థం చెప్పే పద్ధతి ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ దృశ్యం అపరిచితం కాదు.

అయినా ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అల్జీరియా గది గురించి చెప్పినవారు ఆ పోరాటంలో భాగస్వాములు. మద్యశాల పఠనం గురించి చెప్పినవారు ఆ నవల రచయితే. తన పాఠకులకు రచయితే సాక్షి అయినపుడు శ్రోతల గొంతు నేరుగా వినిపించదు. ఎవరు విసుక్కున్నారు, ఎవరు విభేదించారు, ఆ సభలో స్త్రీలు ఎందరు అన్న ప్రశ్నలకు ఈ వర్ణనలు జవాబు చెప్పవు. శ్రోతను కేంద్రంగా చేసిన సిద్ధాంతం శ్రోతను ఏకరూపమైన ‘ప్రజ’గా చూడడం దానిలోని మొదటి లోపం.

రువాండా: సూత్రానికి పరీక్ష

రెండవ లోపం దీనికంటె తీవ్రమైనది. 1993 జూలైలో రువాండాలో ‘వేయి కొండల’ రేడియోగా పేరొందిన ఆర్.టి.ఎల్.ఎమ్. ప్రసారాలు ప్రారంభించింది. ప్రభుత్వ రేడియో లాంఛనమైన భాషకు భిన్నంగా ఇది వీధి మాటలతో, హాస్యంతో, పాటలతో, కబుర్లతో శ్రోతలను ఆకట్టుకుంది. 1994 ఏప్రిల్ నుంచి జూలై వరకు సాగిన టుట్సీల మారణకాండలో ఇదే గొంతు మనుషుల పేర్లను, వారున్న చోట్లను చెప్పి హంతకులకు దారి చూపింది. అభివృద్ధి నమూనాను తిరస్కరించిన పరిశోధకులు ప్రజలవిగా కీర్తించిన లక్షణాలన్నీ, అంటే చనువు, సంభాషణ, వీధిభాష, ఈ రేడియోకు ఉన్నాయి. కాలిబాట గొంతుకు ఇక్కడ ప్రసారకేంద్రం తోడైంది.

రువాండా కోసం ఏర్పాటైన అంతర్జాతీయ నేర ట్రిబ్యునల్ 2003 డిసెంబరులో ఈ రేడియో స్థాపకులలో ఇద్దరినీ, ఒక పత్రిక సంపాదకుడినీ దోషులుగా తేల్చింది. 2007లో అప్పీలు న్యాయస్థానం కొన్ని అభియోగాలను కొట్టివేసి, శిక్షలను తగ్గించింది. పలికినవారి నేరం ఆ విధంగా విచారణకు వచ్చింది. కాని విన్నవారి పాత్రను వివరించవలసి వచ్చినపుడు లోకం మళ్లీ పాత నమూనానే ఆశ్రయించింది: రేడియో ఆజ్ఞాపించింది, జనం పాటించారు. అల్జీరియా శ్రోత సృష్టికర్త, రువాండా శ్రోత కీలుబొమ్మ. విముక్తి జరిగిన చోట శ్రోతకు ఘనత ఇచ్చి, హత్య జరిగిన చోట శ్రోతను మాయం చేయడం సిద్ధాంతపరంగా అసంగతం.

స్కాట్ స్ట్రాస్ 2007లో ప్రచురించిన వ్యాసం ఈ అసంగతిని కొంత సరిచేసింది. శిక్షపడిన నేరస్థులతో జరిపిన ముఖాముఖిల ఆధారంగా, చాలామందిని హింసలోకి దించింది ఇంటికి వచ్చి పిలిచిన స్థానిక పెద్దలు, ఇరుగుపొరుగు, గుంపు ఒత్తిడి అని, రేడియో ప్రభావం పరిమితమని ఆయన వాదించారు. డేవిడ్ యానగిజావా-డ్రోట్ 2014లో గణాంక పద్ధతిలో చేసిన అధ్యయనం మొత్తం హింసలో సుమారు 10 శాతం ఈ ప్రసారాలకు ఆపాదించదగినదని అంచనా వేసింది. ప్రసారం అందిన గ్రామాల నుంచి పక్క గ్రామాలకు కూడా ప్రభావం పాకిందని ఆ అధ్యయనం పేర్కొంది. ఈ రెండు నిర్ణయాల మధ్య భేదం ఉన్నప్పటికీ, ప్రసారానికీ చేతకూ మధ్య మనిషి నుంచి మనిషికి పాకే మాట ఉందని రెండూ సూచిస్తున్నాయి. కనుక శ్రోత పాఠాన్ని పూరిస్తారన్న సూత్రం రువాండాలో చెల్లకుండా పోలేదు. ఎవరి ఒత్తిడి కింద, ఎవరి రక్షణలో, ఏ శిక్షకు భయపడి పూరిస్తారన్నది ఆ సూత్రంలో చేరవలసి ఉంది. అల్జీరియా గదిలో వినడమే నేరం. రువాండా వీధిలో వినినదానికి ఎదురుచెప్పడం ప్రాణాంతకం. ఈ తేడాను పట్టుకోని సిద్ధాంతం శ్రోతను పొగడగలదు గాని అర్థం చేసుకోలేదు.

ఉపసంహారం

గూగీ నవలను వరవరరావు జైలులో ఉన్నపుడు ఇంగ్లీషు నుంచి ‘మట్టికాళ్ల మహారాక్షసి’గా తెలుగు చేశారు. ఒక జైలులో పుట్టిన రచన మరొక జైలులో మరొక భాష పొందిన ఈ ఘటనను తెలుగు విమర్శ రాజకీయ సంఘీభావంగా చూడడం సహజం. అయితే ఆ నవలకు వస్తువు ఎంతో గిచాండీ గొంతు, దానిని విన్న సభ కూడా అంతే. తెలుగులో అది పుస్తకమైంది. అది ఎక్కడైనా సభ ముందు చదవబడిందా, విన్నవారు దానిని ఏం చేశారు అన్నది అనువాద విమర్శ వేసుకోవలసిన ప్రశ్న.

ఆఫ్రికా మాధ్యమ పరిశోధన సాహిత్య అధ్యయనానికి ఇచ్చే పాఠం రెండు భాగాలుగా ఉంది. మౌఖికత గతించిన దశ కాదు, ముద్రణను, ప్రసారాన్ని తనలో కలుపుకుని సాగే శక్తి అన్నది మొదటిది. ఆ శక్తికి స్వతహాగా మంచితనం లేదన్నది రెండవది. మొదటి భాగాన్ని మాత్రమే గ్రహించిన జానపద విమర్శ ప్రజాగళం అన్న మాటతో తృప్తిపడుతుంది. రెండవదానినీ గ్రహించిన విమర్శ, పాడినవారిని అడిగే ప్రశ్నలను వినినవారినీ అడుగుతుంది.