కైసరు హద్దు, సాక్షి బాధ్యత: ఒక సంఘ ప్రకటనపై విమర్శ

కోవిడ్ కారణముగా కాలిఫోర్నియా ప్రభుత్వము మందిరము లోపలి ఆరాధనలను నిషేధించినప్పుడు, 2020 జూలైలో లాస్ ఏంజెలిస్‌లోని గ్రేస్ కమ్యూనిటీ చర్చి పెద్దలు ఒక ప్రకటన వెలువరించారు. ఆ సంఘమునకు అప్పుడు జాన్ మెకార్థర్ కాపరి. కుటుంబము, రాజ్యము, సంఘము అను మూడు పరిధులను దేవుడే నియమించెను గనుక, ఆరాధన విషయములో కైసరుకు అధికారము లేదన్నది దాని సారాంశము.

ఈ వాదనలో బలమున్నది. రోమా 13:1-7 చెప్పిన విధేయతకు అ.కా. 5:29 హద్దు చూపుతుంది. 2021 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఆ పూర్తి నిషేధమును నిలిపివేసింది. హాజరుపై పరిమితిని, పాటలపై నిషేధమును మాత్రము అప్పటికి ఉండనిచ్చింది.

అయితే ప్రకటనకు చేర్చిన అనుబంధము, ఆ వ్యాధి మొదట భయపడినంత ప్రమాదకరము కాదని తేల్చింది. అధికారము ఎవరిదో లేఖనము తేల్చగలదు; వ్యాధి తీవ్రతను తేల్చవలసినది సాక్ష్యాధారములే. ఆ సంవత్సరాంతమునకు అమెరికాలో 3,40,000 మందికి పైగా మరణించారు.

నవంబరు ఎన్నికల తరువాత సంప్రదాయవాదులలో అనేకులు ఇదే గీతను దాటారు. ప్రభుత్వముపై తమకున్న అనుమానమునే ఎన్నికల మోసమునకు రుజువుగా ఎంచారు. 60కి పైగా వ్యాజ్యములలో దాదాపు అన్నీ వీగిపోయాయి. వాటిని త్రోసిపుచ్చిన న్యాయమూర్తులలో ట్రంప్ నియమించినవారు కూడా ఉన్నారు.

పాలకులను ప్రశ్నించుటకు లేఖనము తావిస్తుంది. కాని నిర్గమ 20:16లోని పొరుగువానిలో ఆరోగ్యశాఖ ఉద్యోగి, ఓట్లు లెక్కించిన గుమాస్తా కూడా ఉన్నారు. పరీక్షింపని ఆరోపణను ప్రసంగవేదికపై పలికే కాపరి, కైసరును ఎదిరించుచున్నాననుకొనుచునే ఆ ఆజ్ఞను మీరుచున్నాడు.