అడవిలో పెద్దరికము

అటవీశాస్త్ర విద్యార్థులకు నాయకత్వము నేర్పుటకై కళాశాలలలో ఉపన్యాసములు, శిబిరములు విరివిగా సాగుచున్నవి. సంకల్పము శ్లాఘనీయమే. కాని పిల్లలను వెంటబెట్టుకొని చిరకాలము అడవులలో తిరిగిన నాకు, ఆ విద్య టేపు పట్టిన చోటనే త్వరగా అబ్బునని గట్టి నమ్మకము.

చెట్ల లెక్కకు పోయినపుడు నలుగురైదుగురిని జట్టుకట్టి, వారిలో ఒకరిని పెద్దగా నిలిపెదము. చుట్టుకొలతను నేలనుండి 1.37 మీటర్ల యెత్తున, అనగా రొమ్మెత్తున, తీయవలెను. వాలు నేలయైనచో మిట్టవైపు నిలిచి తీయవలెను. మ్రానిని తీగె అల్లుకొనియున్నచో దానిని తప్పించిగాని టేపు చుట్టరాదు. కొలిచినవాడు "నల్లమద్ది, నూటపది" అని కేకవేయగా, పుస్తకము పట్టినవాడు ఆ మాటనే బిగ్గరగా తిరిగి పలికి, పిమ్మట వ్రాసికొనును. ఎండ ముదిరి దప్పిక హెచ్చినకొలది ఆ మారుపలుకు సన్నగిల్లును. టేపు నడుమునకు జారును. కంటి అంచనాలు కొలతలుగా పుస్తకమున కెక్కును. అట్టి వేళ తన యీడువారినే, మనసు నొప్పింపకుండ, నీడకు పిలిచి, నీళ్లిచ్చి, కడపటి పది చెట్లను మరల కొలిపింపగలిగిన విద్యార్థియే నా దృష్టిలో నాయకుడు.

నల్లమలలో ఒక వేసవిని జట్టుపెద్దగానున్న విద్యార్థిని, చుట్టుపట్ల చెట్లన్నియు చిగిర్చినను మోడై నిలిచిన ఏగిస నొకదానిని చచ్చినదిగా వ్రాయించెను. వెంటనున్న చెంచు వృద్ధుడు మారుమాటాడక గోటితో బెరడు గీకి, లోని పచ్చదనమును చూపెను. ఆమె ఆ పంక్తిని కొట్టివేసి, ప్రక్కన సంతకము చేసి, "తాతా, ఇకమీద నువ్వు ముందు నడువు" అనెను. 1988 నాటి జాతీయ అటవీ విధానము అడవుల రక్షణలో ప్రజలను భాగస్వాములను చేయవలెనని పలికినది. ఆ విధానసారము ఆ పిల్లకు ఆ గోటిగీతలో బోధపడినదని నేనానాడు మిక్కిలి సంతోషించితిని.

ఇక ఉద్యోగముల మాట. 2016లో మొదలైన అటవీ కళాశాల పిమ్మట సిద్దిపేట జిల్లా ములుగులో నెలకొని, మనవారికి ఈ చదువు చేరువైనది. రేంజి అధికారి కొలువుపైననే అందరు చూపు నిలుపుట సహజమే గాని, ఆ కొలువులు కొన్నియే. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ పెంచు రైతులకు, నర్సరీలకు, కాగితపు మిల్లులకు చెట్టును కొలిచి కలప దిగుబడిని నమ్మకముగా చెప్పగలవారు కావలెను. చెప్పుట యనగా తెలుగులో చెప్పుట. ఆంగ్లమున నలువది పుటల నివేదిక నిర్దుష్టముగా వ్రాసినవారే, దాని సారమును గ్రామసభలో పది నిమిషములు చెప్పుమన్నచో తడబడుట చూచి నాకు బాధ కలుగును.

అందుచేత కళాశాలల పెద్దలకు నా విన్నపము: జట్టుపెద్దరికమును వంతులవారీగా అందరికి, ముఖ్యముగా వెనుక వరుసలో మాటాడక కూర్చుండువారికి, తప్పక ఇండు, లెక్క ముగిసిన పిదప ఆ యూరివారి యెదుట వారిచేతనే ఫలితమును తెలుగులో చెప్పింపుడు, ఈ రెంటికిని పరీక్షలో మార్కులు కేటాయింపుడు.