బస్తాలోనే తరిగిపోయే విటమిన్

మెదక్‌లో పిట్లం చెరువు, గోసముద్రం చేపలకు విటమిన్లు కొని పెట్టాల్సిన పని లేదు. బొచ్చె, రవ్వ పిల్లల్ని వానాకాలంలో వదిలితే నీళ్లలోని సన్నని పాచి, కంటికి ఆనని పురుగులు తిని పెరుగుతాయి. వాటికి కావలసిన విటమిన్లు అందులోనే ఉంటాయి. సిమెంటు తొట్టెలో పెంచే కొర్రమీనుకు ఆ తిండి లేదు. మేత బస్తాలో ఏముంటే దాని ఒంట్లో అదే.

ఒక రైతు తొట్టె గట్టు మీద నాకో కొర్రమీనును చూపించాడు. తల బాగుంది, ఒళ్లు నిగనిగలాడుతోంది. నడుము దగ్గర మాత్రం వెన్ను కొడవలిలా వంగింది. మొప్ప మూత పొట్టిగా ఉండి లోపలి ఎరుపు బయటికి కనిపిస్తోంది.

"సారూ, నీళ్లు మార్చిన, మందు గూడ ఏసిన. ఇంకేం జెయ్యాలె?"

మేత చూపించమన్నాను. రేకుల షెడ్డులో మూతి విప్పిన బస్తా, తయారై నెలలు గడిచినది. గుప్పెట తీసి వాసన చూస్తే మక్కిన నూనె కంపు.

వెన్ను వంగడానికి దెబ్బ, పుట్టుకతో వచ్చిన లోపం వంటి కారణాలూ ఉంటాయి. అయినా నేను ముందు అనుమానించేది విటమిన్ సి లోటునే. మేక దాన్ని ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. మనకూ, చాలా రకాల చేపలకూ ఆ శక్తి లేదు. అది లేకపోతే ఎముకకు పట్టునిచ్చే కొల్లాజెన్ సరిగా ఏర్పడదు, పుండు త్వరగా మానదు. అమెరికాలో పెంచే క్యాట్‌ఫిష్‌కు కిలో మేతలో 25 నుంచి 50 మిల్లీగ్రాములు చాలని తేల్చారు. అంత కొంచెం కూడా నిలవడమే కష్టం. మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం మేత తయారీ వేడికి కొంత, షెడ్డు ఉక్కకు మరికొంత పోతుంది. అందుకే మంచి మేతల్లో ఫాస్ఫేట్‌తో కలిపిన, వేడిని తట్టుకునే రకం వాడతారు. నూనె మక్కితే విటమిన్ ఇ కూడా నశిస్తుంది.

ఖర్చు తగ్గుతుందని పచ్చి చేపముక్కలు వేసేవాళ్లకు ఇంకో మాట. కొన్ని రకాల పచ్చి చేపల్లో విటమిన్ బి1ను విరిచేసే ఎంజైమ్ ఉంటుంది. ఉడికిస్తే అది పోతుంది.

బి వర్గంలోనే మరో విటమిన్ ఫోలిక్ ఆమ్లం. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల దాన్ని తయారు చేసింది. అది తగ్గితే చేపకూ రక్తహీనత వస్తుంది, మొప్పలు పాలిపోతాయి. ఈనాడు చేపల మేతలో కలిపే విటమిన్ల పొడిలో ఆ ఆమ్లమూ ఉంటుంది. ఆ భీమవరం చుట్టూ ఇప్పుడు ఎటుచూసినా చేపల, రొయ్యల చెరువులే.

ఆ రైతు చేపల్లో వంగిన వెన్ను ఇక నిటారు కాదు. వాటిని వేరు చేసి, మిగిలినవాటికి కొత్త మేత వేయమన్నాను. నెలకు సరిపడా మాత్రమే కొనమని, బస్తాను చెక్కల మీద నీడలో పెట్టమని, తయారీ తేదీ, విటమిన్ సి ఏ రకమో దుకాణంలోనే అడగమని చెప్పాను.