దైవనిర్ణయమా, తలరాతా?

"దేవుడు అంతా ముందే నిర్ణయించాడు" అని పాస్టరు చెప్తే మన పేటల్లో పెద్దోళ్ళకి అది తలరాత లాగే వినబడుద్ది. రోమా పత్రిక 9వ అధ్యాయంలోని కుమ్మరి, మట్టి పోలిక చదివితే అనుమానం ఇంకా గట్టిపడుద్ది. మరి ఇది కర్మసిద్ధాంతానికి క్రైస్తవ రూపమేనా?

కాదనే నా వాదన. కర్మ పుట్టుకలోనే తీర్పు చెప్పేస్తుంది; ఎవరు తక్కువో కులాన్ని బట్టి తెలిసిపోతుందంటుంది. కాల్విన్ మాత్రం, దేవుడు ఎవర్ని ఎన్నుకున్నాడో మనిషికి తెలియదు కనుక అందరి రక్షణా కోరాలన్నాడు. పౌలు కూడా కుమ్మరి మాట చెప్పాక, 10వ అధ్యాయం మొదట్లోనే, క్రీస్తుని నమ్మని తన జనం కోసం ప్రార్థించాడు.

అయితే దళితుల ఇష్టాన్ని గుర్తించిందెవరు? 1866లో బాప్తిస్మం పొందిన మాదిగ యెర్రగుంట్ల పేరయ్య ఒంగోలు ప్రాంతంలో ఊరూరా తిరిగి బోధించాడు. 1876-78 కరువులో, కూటి కోసం వచ్చారనే మాట రాకూడదని మిషనరీ క్లౌ చాలా నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్ళీ మొదలుపెట్టాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. కూటి కోసం కలిశారన్న ఎగతాళిలోనూ, అంతా దైవనిర్ణయమే అన్న పొగడ్తలోనూ పేరయ్య నడకకు చోటు లేదు.

దేవుని నిర్ణయం గురించి ఎంతైనా వాదించుకుందాం. మనోళ్ళు తెలిసే, కోరే వచ్చారని ముందు ఒప్పుకోవాలి. అవిశ్వాసి కోసం చేసే ప్రార్థనలోనూ అతని ఇష్టానికి అంతే మర్యాద ఉండాలి.